బావ తలకి ఈక్వేషన్

స్పీడు అన్న పేరు వాడికి ఊరికే రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి "పక్కల కొంచెం..." అనేలోపు పక్కలు పోయేవి. "మీసం మాత్రం..." అని నోరు తెరిచినవాడు ఆ మాట పూర్తి చేసేసరికి మీసం గురించి మాట్లాడుకోడానికి ఏమీ మిగిలేది కాదు. అత్త సెలూన్లో వాడు కత్తెర పట్టుకుంటే గోడ మీది గడియారం సిగ్గుపడి ఆగిపోయేది. నమ్మకం లేకపోతే గడియారాన్నే అడగండి.

అంత వేగం ఉన్నవాడు సర్టిఫికెట్ పరీక్ష దగ్గర మాత్రం రెండుసార్లు బోర్లా పడ్డాడు.

పరీక్షలో అడిగేది ఒక్కటే కటింగు. నుదుటి దగ్గర్నుంచి మెడ దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, తల మీద ప్రతి వెంట్రుకా ఒకే పొడవు ఉండాలి. దానికి పద్ధతి కూడా ఒక్కటే. ఏ పాయ ఎక్కడ మొలిచిందో అక్కడ తలకి సరిగ్గా నిటారుగా లాగి పట్టుకుని, వేళ్ళ మీదుగా కత్తిరించాలి. స్పీడుకి "నిటారుగా" అంటే సీలింగు వైపు అనే అర్థమైంది. నెత్తి మీదదైనా, చెవి పక్కదైనా, మెడ మీదదైనా, పాపం ప్రతి పాయనీ ఫ్యాన్ వైపే లాగేవాడు. దాంతో నెత్తి మీద పొట్టిగా, పక్కల పొడుగ్గా, తల మొత్తం గంటలాగా తయారయ్యేది. మొదటిసారి పరీక్షకి మోడల్‌గా కూర్చున్న కొరియర్ అతను ఆ తర్వాత హెల్మెట్‌తోనే భోంచేస్తున్నాడని వాళ్ళావిడ చెప్పింది. రెండోసారి కూర్చున్నవాడు స్పీడుకి చిన్నప్పటి స్నేహితుడు. ఇప్పుడు కాదు.

"ఈసారి కూడా పోయిందంటే," అంది అత్త, టవళ్ళు మడతపెడుతూ, "ఆ కిటికీ పక్క కుర్చీ బయటివాళ్ళకి ఇచ్చేస్తా. ఆల్రెడీ ఒకమ్మాయి వచ్చి అడిగి వెళ్ళింది. నువ్వు తలలు కడుగుతూ రిటైరవుదువుగాని."

"అత్తా, సొంత మేనల్లుణ్ణి."

"అందుకే తలలన్నా కడగనిస్తున్నా."

పరీక్ష మర్నాడే. ఆ మధ్యాహ్నం సెలూన్ తలుపు మీద 'మూసి ఉంది' బోర్డు తగిలించి, అత్త లోపలి గదిలో నడుం వాల్చింది. స్పీడు అక్కకి ఫోన్ చేశాడు. అక్క కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా చెబుతుంది. నిద్రలో కూడా చెబుతుందని, అందులో సగం తప్పులేనని బావ సాక్ష్యం.

అక్క వచ్చింది. వెనకాలే బావ వచ్చాడు. బావ లిఫ్టులు రిపేరు చేస్తాడు. రేపు పరీక్షకి తలని అరువిచ్చే మోడల్ కూడా ఆయనే. బావ జుట్టు మామూలు జుట్టు కాదు. ఒకసారి చెవి పైన పెట్టుకున్న స్క్రూడ్రైవర్ వారానికి గానీ దొరకలేదు.

ఒకట్రెండు పాయలు పట్టి చూపించమంది అక్క. స్పీడు చూపించాడు. రెండూ ఫ్యాన్ వైపే వెళ్ళాయి.

"నీ జబ్బేంటో తెలిసిపోయింది. నీకు అభిలంబం తెలీదు."

"మందేమన్నా ఉందా?" అన్నాడు బావ.

"వంకర గీత మీద ఒక చోట నిటారుగా నిలబడే గీతని అభిలంబం అంటారు. కాలేజీలో నార్మల్ అంటాం. వంపు మారుతున్నకొద్దీ నిటారు కూడా తిరుగుతుందిరా. నీకేమో ఎక్కడున్నా ఒకటే నిటారు. మీ బావకి లాగ."

"మా పనిలో రెండే దిక్కులు మరి," అన్నాడు బావ. "పైకీ, కిందికీ. మూడో దిక్కుకి పోయిన లిఫ్టుని ఇంతవరకు చూళ్ళేదు."

అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గ్రాఫ్ కాగితం తీసింది. పెళ్ళిచూపులకి కూడా ఆ బ్యాగులో గ్రాఫ్ కాగితంతోనే వచ్చిందని బావ ఇప్పటికీ చెబుతుంటాడు. ఆవిడే బావ పనిముట్ల సంచిలోంచి మెత్తటి రాగి తీగ ముక్క తీసి, ఆయన జుట్టు తడిపి అణిచి, ఎదురుగా నిలబడి, ఆ చెవి నుంచి ఈ చెవికి తల మీదుగా తీగని ఆనించి వంచింది.

"కిరీటమా?"

"కదలొద్దు. మీ తలకి ఈక్వేషన్ రాస్తున్నా."

"నా తలకి ఈక్వేషన్ ఉందా?"

"పైన వరకే. లోపల ఏముందో నాకు సంబంధం లేదు."

వంగిన తీగని కాగితం మీద పెట్టి గీసింది. చెవుల గీత మధ్యలో సున్నా. అక్కణ్ణుంచి నడినెత్తి ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు. నాలుగు చోట్ల కొలిచింది, పెన్సిల్ కొరికింది, చెరిపింది, మళ్ళీ కొరికింది. ఆఖరికి బావ తల కాగితం మీద పడింది: వై ఈక్వల్స్ పన్నెండు మైనస్ ఎక్స్ స్క్వేర్ బై ఆరు. బావ ఆ కాగితాన్ని ఫోటో తీసి లిఫ్టు కంపెనీ గ్రూపులో పెట్టాడు. 'నేను' అని కింద రాశాడు.

"ఇప్పుడు విను," అంది అక్క. "నడినెత్తి మీద చీమ నిలబడిందనుకో. దానికి నేల చదును."

"నా తలలో చీమలెందుకు?"

"అది చెవి వైపు నడిచేకొద్దీ జారుడు ఎక్కువవుతుంది. ఎక్కడ ఎంత జారుడో చెప్పేదే డెరివేటివ్. మీ బావ తలకి డెరివేటివ్, మైనస్ ఎక్స్ బై మూడు. మధ్య నుంచి కుడికి మూడు సెంటీమీటర్లు జరిగితే వాలు మైనస్ ఒకటి. ఆరు జరిగితే?"

"మైనస్ రెండు," అన్నాడు స్పీడు. వాడికి లెక్క రావడం చూసి వాడే కంగారుపడ్డాడు.

"అది తలని తాకుతూ పోయే గీత వాలు. స్పర్శరేఖ అంటాం. మనకి కావల్సింది దానికి అడ్డంగా నిలబడేది. ఆ వాలుని తలకిందులు చేసి గుర్తు మార్చు. మైనస్ రెండు కాస్తా ప్లస్ అర అవుతుంది. అంటే కుడికి రెండు పోతే పైకి ఒకటి లేవాలి. ఆరు దగ్గర తల ఎత్తు కూడా ఆరే. ఆ చోటు గుండా గీస్తే, వై ఈక్వల్స్ ఎక్స్‌లో సగం ప్లస్ మూడు. అదీ ఆ పాయ పోవాల్సిన దారి."

"మరి నడినెత్తి మీద?"

"అక్కడ వాలు సున్నా. దాన్ని తలకిందులు చేస్తే..."

బావ ఫోన్లో నొక్కి చూశాడు. "ఎర్రర్ అంటోంది."

"అంటుంది. అక్కడ అభిలంబం నిలువు గీత. దానికి వాలని చెప్పడానికి అంకె ఉండదు."

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అంటే మనవాడు ఇన్నాళ్ళూ ఎర్రర్ వచ్చే చోట ఒక్కటే కరెక్టుగా కత్తిరించాడన్నమాట."

స్పీడుకి వెన్నులోంచి సోడా పొంగినట్టయింది. ఇంతేనా? ఇంత చిన్న సంగతి తెలియకనా రెండు తలలు గంటలైపోయాయి? వాడు కత్తెరని వేళ్ళ మీద గిర్రున తిప్పి, కింద పడేసి, తీసి, తుడిచి, "ఎక్కడ మొదలెడదాం" అన్నాడు.

బావ తలకి ఒక పక్క మాత్రమే ప్రాక్టీసు, అదీ అంచులు మాత్రమే అని ఒప్పందం. స్పీడు మంగలి కాబట్టి బావ వెనక నిలబడ్డాడు. అక్క లెక్చరర్ కాబట్టి బావకి ఎదురుగా, అద్దం కింద బల్ల మీద కూర్చుంది. క్లాసుకి వీపు చూపిస్తే కాగితం రాకెట్లు వస్తాయని ఆవిడకి అనుభవం.

"ఇదిగో ఇక్కడ, ఆరు," అని పెన్నుతో తన కుడివైపు చూపించింది. "ప్లస్ అర."

స్పీడు పాయ తీశాడు. ప్లస్ అంటే కుడికి పోయేకొద్దీ పైకి. లెక్క వేసుకుని, ఆ పాయని పట్టుకుని లాగాడు. వేళ్ళకి ఏదో తేడాగా అనిపించింది.

"అక్కా, ఇది కిందికి వస్తోంది."

"చెప్పింది చెయ్. నీ కళ్ళని నమ్మే కదా రెండుసార్లు పోయింది?"

న్యాయమే. స్పీడు కళ్ళు సగం మూసుకున్నాడు. చెయ్యి మాత్రం మూతపడలేదు. అక్క "ఇక్కడ మూడు, ప్లస్ ఒకటి" అనడం, కత్తెర కిచకిచమనడం, మళ్ళీ అక్క అంకె, మళ్ళీ కిచకిచ. వాడి వేగం తెలుసుగా. అక్క ఊపిరి తీసుకునేలోపు ఒక పక్క అయిపోయింది.

స్పీడు దువ్వెన తీసేశాడు. జుట్టుని కిందికి లాగి కత్తిరిస్తే కింది వెంట్రుకలు పొట్టిగా, పైవి పొడుగ్గా మిగులుతాయి. వదలగానే పాయ అంచు చూరులా బయటికి నిలబడుతుంది. దాని పైన ఇంకోటి. దాని పైన మరోటి.

బావ చెయ్యి పైకెత్తి మెల్లగా తడుముకున్నాడు. చెవి దగ్గర మొదలెట్టి నెత్తి దాకా ఒక్కో అంతస్తులో ఆగుతూ వెళ్ళాడు.

"జనం మెట్లు ఎక్కకూడదనే కదా నేను ఉద్యోగం చేస్తోంది," అన్నాడు. "నా నెత్తిమీదే కట్టారు."

"నీ తలే సరిగా లేదు బావా," అన్నాడు స్పీడు, ఇంకేం అనాలో తోచక.

"తల సరిగ్గానే ఉంది," అంది అక్క కాగితం చూస్తూ. "లెక్క కూడా కరెక్టే. ప్లస్ అరే." గబగబా బల్ల దిగి వెనక్కొచ్చి వాడి పక్కన నిలబడింది. నిలబడి బావ తల చూసింది. అద్దం చూసింది. కాగితం చూసింది. "నీ కుడి చెయ్యి ఎత్తు."

ఎత్తాడు.

"ఇందాక నేను అటు కూర్చున్నప్పుడు నా కుడి ఎటుంది?"

స్పీడు చూపించాడు. అది వాడి ఎడమ వైపు. మెట్లు కట్టిన వైపు.

అక్క కుడికీ పైకీ అన్న గీత ఎదురు నుంచి చూస్తే బయటికి లేచి నిలబడుతుంది. వెనక నిలబడ్డవాడికి ఆ పక్క ఎడమైంది. వాడి కుడి అంటే తల్లోకి. ఆ గీత వెంట బయటికి లాగాలంటే కిందికే లాగాలి. ప్లస్ అర అన్న మాట బావ తల దాటి వచ్చేసరికి వాడికి మైనస్ అర కావాల్సింది. అక్క జీవితంలో మనుషుల వెనక నిలబడలేదు, స్పీడు ఎదుట నిలబడలేదు. ఇద్దరూ కలిసి ఒక్క తలని పట్టుకున్నది ఇదే మొదలు.

అత్త నిద్ర లేచి వచ్చింది. బావ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "దీన్ని సరిచెయ్యాలంటే బ్రష్షు కంటే పొట్టిగా దించాలి. పరీక్షకేమో వేలెడన్నా ఉండాలి. వేరే తల చూసుకోండి. నా వంక చూడకండి, నా తల ఈ షాపుకి బోర్డు."

సాయంత్రం దాకా స్పీడు వీధిలో తలల కోసం తిరిగాడు. వాడు ఈ పేవ్‌మెంట్ మీద కనిపిస్తే జనం ఆ పేవ్‌మెంట్ మీదికి మారారు. ఒక బట్టతలాయన మాత్రం నిలబడి ఎంతో ప్రేమగా పలకరించాడు.

మర్నాడు పొద్దున్న ముగ్గురూ పరీక్ష హాలుకి వెళ్ళారు. బావ నెత్తిన చెవుల దాకా దించిన టోపీ. తియ్యమని అడిగితే జలుబు అని చెప్పాలని ప్లాను. హాల్లో వరసగా కుర్చీలు, అద్దాలు, ప్రతి కుర్చీలో ఒక మోడల్. తెల్ల కోటు వేసుకున్న ఎగ్జామినరమ్మ ఒక్కొక్క తలనీ చేత్తో దువ్వి చూసుకుంటూ వచ్చింది.

"టోపీ."

"జలుబండీ," అన్నాడు బావ.

ఆవిడ టోపీ తీసింది. ఒక పక్క అడివి, ఒక పక్క మెట్ల దారి. చాలాసేపు చూసింది. వెనకాల నిలబడ్డ మిగతా అభ్యర్థులు కూడా వంగి చూశారు. ఒకడు ఫోన్ తీశాడు.

"ఈ తల మీద ఆల్రెడీ ఎవరో పరీక్ష రాశారు," అంది ఎగ్జామినరమ్మ, టోపీ తిరిగి జాగ్రత్తగా పెడుతూ. "పనికిరాదు. వేరే మోడల్ ఉంటే కూర్చోబెట్టు. లేకపోతే వచ్చే దఫా."

స్పీడుకి కిటికీ పక్క కుర్చీ కళ్ళముందు కనిపించింది. అందులో ఎవరో అమ్మాయి కూర్చుని కాళ్ళు ఊపుతోంది.   

పక్కన టక్కుమని ఏదో పడింది. జడ పిన్ను. తర్వాత ఇంకోటి. అక్క జడ నడుం దాకా ఉంటుంది. అది బస్సు తలుపులో ఇరుక్కుంటే డ్రైవర్ దిగొచ్చి సారీ చెప్పిన సందర్భాలున్నాయి. దాన్ని విప్పేసి, బావని లేపి కుర్చీలో కూర్చుంది.

"అక్కా, వద్దు."

"కుడి ఎటో అడక్కుండా లెక్క చెప్పింది నేను. కానివ్వు."

"ఎంత ఉంచనూ?"

"నీ చెయ్యి ఎంత చెబితే అంత. దించేముందు చెప్పకు, చాలు."

"మోడల్ మాట్లాడకూడదు," అంది ఎగ్జామినరమ్మ. "గంట కొట్టాక ఒక్క మాట మాట్లాడినా ఫెయిలు."

అక్కని మాట్లాడకుండా ఉండమనడం అంటే ఏంటో ఆవిడకి తెలీదు. టోపీ కింద బావ మొహం వెలిగిపోయింది.

బావని బయటికి పంపి గంట కొట్టారు. ఎగ్జామినరమ్మ అనుమతితో పొడవాటి జుట్టుని ముందు మెడ దగ్గరికి దించేశాడు. అది నేల మీద పడ్డ చప్పుడు హాలంతా వినిపించింది. అప్పుడు అసలు సంగతి తట్టింది స్పీడుకి. జేబులో ఉన్న ఈక్వేషన్ బావది. ఈ తల అక్కది. ఇది ఇంకో వంపు, ఇంకో వాలు. తీగ లేదు, గ్రాఫ్ లేదు, అక్క నోటికి తాళం. అద్దంలో అక్క కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆవిడకి కూడా అదే తట్టింది.

వాడు దువ్వెన తీసి ఊరికే తల మీద ఆనించాడు. పళ్ళు కాదు, వీపు వైపు. గుండ్రటి తల మీద తిన్నటి దువ్వెన ఒక్క చోటే తాకింది. తాకి అటూ ఇటూ గాల్లోకి వెళ్ళిపోయింది.

తలని తాకుతూ పోయే గీత.

ఇదేగా స్పర్శరేఖ? దువ్వెన కొంచెం చెవి వైపు జరిపాడు. అదే వాలింది. ఇంకొంచెం జరిపాడు. ఇంకా వాలింది. డెరివేటివ్ వాడి చేతిలో ఆడుకుంటోంది. ఇక మిగిలింది దానికి అడ్డంగా నిలబెట్టడమే. దాని కోసం కుడీ ఎడమా అక్కర్లేదు, ప్లస్సూ మైనస్సూ అక్కర్లేదు. దువ్వెన ఎటు వాలితే పాయ దానికి ఎదురు తిరిగి నిలబడాలి, అంతే. స్పీడుకి గట్టిగా నవ్వాలనిపించింది. కత్తెర పట్టుకుని నవ్వితే తప్పుగా అనుకుంటారని ఆపుకున్నాడు. ముక్కులోంచి కొంత వచ్చేసింది.

ఆనించడం, చూడ్డం, పాయని అడ్డంగా నిలబెట్టడం, వేళ్ళు దువ్వెనకి సమంగా పెట్టి కత్తిరించడం. మొదటిసారి వాడు నిదానంగా పనిచేశాడు. పక్క కుర్చీలవాళ్ళు అయిపోయి తుడుచుకుంటున్నారు. వీడు ఇంకా చెవి దగ్గరే ఉన్నాడు. పేరు మార్చుకోమని అడగడానికి బావ కిటికీలోంచి సైగలు చేశాడు.

మెడ పైన గుంట దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. అక్కడ తల లోపలికి వంగుతుంది. దువ్వెన పెడితే రెండు కొనలూ ఆనాయి, మధ్యలో ఖాళీ. రెండు చోట్ల తాకింది. ఏది నమ్మాలి? పైకి జరిపాడు, కిందికి జరిపాడు. రెండు చోట్లే.

స్పీడు దువ్వెనని మోకాలి మీద పెట్టి ఫట్‌మని విరిచాడు.

హాలంతా ఇటు తిరిగింది. ఎగ్జామినరమ్మ కలం ఆగింది. సగం దువ్వెన ఆనించాడు. ఖాళీ కాస్త తగ్గింది. మళ్ళీ విరిచాడు. ఇంకా తగ్గింది. అద్దంలో అక్క చూసింది. ఆవిడ పెదాలు లోపలికి పోయాయి, బుగ్గలు ఉబ్బాయి, భుజాలు ఊగడం మొదలెట్టాయి. రెండు చోట్ల తాకే గీతని దగ్గర దగ్గరగా జరుపుకుంటూ పోతే చివరికి ఒక్క చోటే తాకుతుందని, డెరివేటివ్ పుట్టిందే అలాగని, ఏడాదికి మూడొందల మందికి చెబుతుంది ఆవిడ. చెప్పిన ప్రతిసారీ మూడొందల మంది కిటికీలోంచి బయటికి చూశారు. ఇక్కడ తమ్ముడు దువ్వెన విరుస్తున్నాడు, ఆవిడ నోరు విప్పితే ఫెయిలు. ఆ క్షణంలో అక్క పడ్డ కష్టం ముందు నడుం దాకా జడ పోవడం ఏ మూలకీ రాదు.

ఆఖరికి స్పీడు వేళ్ళ మధ్య మూడు పళ్ళ ముక్క మిగిలింది. గుంటలో ఆనించాడు. కదలకుండా, ఖాళీ లేకుండా కూర్చుంది. దానికి అడ్డంగా సన్నటి పాయ నిలబెట్టి కత్తిరించాడు. ముక్కని పక్కకి జరిపాడు. మళ్ళీ.

అందరికంటే ఆఖర్న కత్తెర కింద పెట్టాడు.

ఎగ్జామినరమ్మ వచ్చింది. నెత్తి మీద ఒక పాయ ఎత్తి చూసింది. చెవి పక్కన పక్కకి లాగి చూసింది. మెడ దగ్గర వెనక్కి లాగి చూసింది. రెండేసి పాయలు కలిపి కొలిచింది. గుంట దగ్గర వంగి మరీ చూసింది. నేల మీది దువ్వెన ముక్కలు కాలితో ఒక పక్కకి జరిపింది.

"తల ఊపమ్మా," అంది అక్కతో.

అక్క ఊపింది. జుట్టు గుండ్రంగా లేచి, గుండ్రంగా తిరిగి, ఎక్కడా ఒక్క పోగు నిలబడకుండా వచ్చి తల చుట్టూ కూర్చుంది. అక్క మళ్ళీ ఊపింది. ఆ పక్కకీ, ఈ పక్కకీ. పుట్టాక ఆవిడ తల అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

"మేడం," అన్నాడు స్పీడు. "పాసా?"

ఎగ్జామినరమ్మ సంతకం పెట్టడానికి కాగితం అట్ట మీద ఆనించి, మొహం పక్కకి తిప్పుకుంది. అక్క జుట్టు వచ్చి ఆవిడ చెంప మీద తగులుతోంది.

"పాసే. ముందు ఆవిణ్ణి ఆపు, సంతకం పెట్టనివ్వట్లేదు."